పొగ లేని శ్రుతి

అది శిశిరర్తువు. కడలియొడ్డున నుప్పుమళ్ల చాళ్లయందు రాత్రి దిగిన మంచుతెరలు వేకువవెలుఁగు సోఁకియుఁ దొలఁగ నొల్లక బూడిదవన్నె దుప్పటులవలెఁ గప్పుకొనియుండ, కుప్పలు కుప్పలుగాఁ బోసిన యుప్పురాసులు తెల్లగుడ్డలు గప్పిన మానవరూపములంబోలి వరుసలు దీఱి నిలువ, సరుగుడుతోఁపుల కొనలయందుఁ గూర్చున్న గ్రద్దలు ఱెక్కలు విప్పక మెడలు సారించి యెవరిరాకకో యెదురుచూచుచుండ, పచ్చనిపోఁచ యొక్కటియుఁ గానరాని యా చవిటిబయలునకు సముద్రఘోష మొక్కటియే శ్రుతి పట్టుచున్నట్లు గంభీరముగా వినవచ్చుచుండెను. ఆ బయలున నిద్దఱు మనుష్యులు గొంతుకూర్చుండి పిడికెఁడంత యినుపయంత్రము నొకదానిఁ జూచుచుండిరి. ఒకఁడు దానిని ముట్టుచుండెను. ఒకఁడు ముట్టక, రెండుచేతులను వీఁపువెనుకఁ బెట్టుకొని యుత్తరీయముతో బిగియఁ గట్టించుకొని, కన్నులు మూసి దాని ధ్వని వినుచుండెను. ముట్టనివాని చేతులగుఱించినదే యీ కథ. సావధానులై వినుఁడు.

ఆ యూరు కొత్తమళ్లపాలెము. ఉప్పుమళ్లవారును వలలవారును దప్ప నన్యులు లేని చిన్నపల్లె. అందు నాంచారయ్య యనువాఁడు సన్నాయివిద్వాంసుఁడు. తాతతండ్రులనాఁటినుండి యా యింటివారి కది యొక్కటే విద్య. ఒకరికిఁ బొలముండును, ఒకరికిఁ బడవ యుండును. ఆ యింటికి నాంచారయ్య యేడువ్రేళ్లే మాగాణి. ఆ వ్రేళ్లు సన్నాయి యేడురంధ్రములపై నాడునప్పుడు పెండ్లివారు తాంబూలములు మఱచుటయుఁ జంటిబిడ్డ లేడుపు మఱచుటయు నా ప్రాంతమున నెఱుఁగనివారు లేరు. ఇఁక నతని చెవి యందురా, అది దేవుఁడిచ్చిన వరమో శాపమో చెప్పఁజాలము. పొరుగింటి బావిగిలక శ్రుతి దప్పి కీచుమన్ననాఁ డతనికి ముద్ద మ్రింగుడుపడదు. తానే పోయి గిలకకు నూనె రాచివచ్చి మరల విస్తరియెదుటఁ గూర్చుండును.

అతని యిల్లాలు మాణిక్యమ్మ. ఆమె యన్న భావనారాయణ. ఇతఁడును సన్నాయియింటఁ బుట్టినవాఁడే కాని, చిన్ననాఁడే సన్నాయి నటుకపై వైచి విమానదళమునఁ జేరి యంత్రములు బాగుచేయు పని నేర్చి, తల నెరయునప్పటికి భార్యను గోలుపోయి, ఆ యంత్రముల హోరునఁ జెవులు ముక్కాలుపాలు చెడఁగొట్టుకొని చెల్లెలి పంచఁ జేరెను. వచ్చుచు వచ్చుచు నతఁడు తెచ్చినది రేఁకుపెట్టెనిండ బొమ్మవిమానముల సామగ్రి. తేలికకొయ్యతో ఱెక్కలు గట్టి, ముక్కున చిన్న యింజను బిగించి, చేతిలోని రేడియోపెట్టెతో దానిని మింట నడపుట యొక్కటే యతనికి మిగిలిన వేడుక. ఇతఁ డతనిని బావా యనును, అతఁ డితనిని బావా యనును. విమానము సరిగా నెగురనినాఁడు తప్పెవరిదని మాణిక్యమ్మ యడిగిన, బావదని యిద్దఱును నొక్కమాటే చెప్పుదురు.

ఆ యింజను చూచుటకుఁ జిన్నదే. కాని చిన్నపామునకైనఁ బెద్దకఱ్ఱ గావలయునని పెద్దలన్నమాట యిచ్చటఁ దలఁపవలయును. కొయ్యసారాయి యనెడి స్పిరిటులో నాముదము గలిపిన చమురు దాని యాహారము. ఆ కంపునకు మాణిక్యమ్మ, బాలింతరాలు లేకయే మా యింటఁ బురిటివాసన వచ్చుచున్నదని యన్నను దెప్పుచుండును. దాని తలలోఁ గేశమంత సన్నని తీఁగచుట్ట యొకటి గలదు, గ్లోప్లగ్గందురు. దానికి బ్యాటరీ తగిలించిన నది కెంపువలె నెఱ్ఱనగును. అంతట ముక్కుననున్న పంకాను ద్రిప్పిన నింజను గర్జించి లేచును. లేచినపిదప బ్యాటరీ తీసివైచినను నాఱదు. తన మంటతోఁ దానే యెఱ్ఱనై నడుచుచుండును. నడక మానినపిదపఁ గూడ నా వేఁడి వెంటనే చల్లాఱదు. నివురుగప్పిన నిప్పన్నది యదియే. ఈ మాట మఱవకుఁడు; కథకు మూల మిచ్చటనే యున్నది.

పంకావెనుక నొక సూదిమర యుండును. అది చమురు నిచ్చు ద్వారము. దానిని వదులు చేసిన నింజను కడుపునిండఁ ద్రాగి కఫము పట్టిన గొంతువలె గురగురలాడుచుఁ దెల్లని పొగ గ్రక్కుచు నడుచును. కొంచెము కొంచెముగా బిగించుకొలఁది గురగుర యణఁగి, గొంతు తేటపడి, స్వరము మీఁదికెక్కి, ఒక్క చోట నచ్చముగా వీణతీఁగవలెఁ బలుకును. అంతకుమించి బిగించితిమా, ఆఁకటితోఁ గాలి, వడలి, చచ్చును. అందుచేత నెఱిఁగినవాఁడు దానిని శిఖరమువఱకు నెక్కించి, మరల నొక్కమెట్టు దింపి, పొగతోఁక సన్నముగాఁ గనఁబడునట్లు నిలుపును. ఈ మర్మమంతయు భావనారాయణకుఁ దెలియును. వినుటకుఁ జెవి మాత్రము లేదు. చెవి యున్నవాఁ డింటనే యుండఁగా నిఁక వెదకుట యేల?

కాని మాణిక్యమ్మ గడప కడ్డము నిలిచెను. ఆ పంకా యెంత చుఱుకైనదో యామె యెఱుఁగును. ఒకనాఁడు కోడి యొకటి తొందరపడి దానిదారికిఁ బోయి మరల రాకుండుటఁ జూచినది. ఆమె పలికిన మాట యూరిలో నేఁటికిని జెప్పుకొందురు.

"అన్నా, నా పెనిమిటి చెవిని నీ కెరవిచ్చెదను. వ్రేళ్ల నియ్యను. ఆ వ్రేళ్లు నీ బావవి కావు, నావియుఁ గావు. ఈ యింటి పొయ్యివి."

అన్నంతఁ జేసినది. నాఁడు మొదలు నాంచారయ్య యా యింజనుచెంతకుఁ బోవునప్పుడెల్ల నామె తనచేతులతో నతని రెండుచేతులను వెనుకకు విఱిచి యుత్తరీయముతోఁ జుట్టి ముడివేసి పంపుచుండెను. డోలు వాయించు కోటిలింగ మది చూచి, మా యన్న యే కోళ్లదొంగతనమునఁ బట్టువడెనో యని నవ్వి, వదినా ముడి గట్టిగా వేయుము, కట్లు ద్రెంచుకొను జాతివాఁడని పరిహసించుచుండెను. నాంచారయ్యయు నవ్వుచుండెను. పరిహాసమునకన్న మాటలు కొన్నియెడల నిజమగుటకుఁ బొంచియుండునని యప్పుడెవరికిఁ దెలియును?

ఇట్లుండఁగా మాఘపూర్ణిమ సమీపించెను. ఆ దినమున నూరివేలుపును సముద్రతీరమునకు వేంచేపుచేసి, యిసుకతిన్నెలపైఁ బందిరి వేసి, స్నానమునకు వచ్చిన జనులయెదుటఁ గల్యాణము సేయుట యచ్చటి యాచారము. ఈ యేఁడు మంగళసూత్రధారణసమయమున భావనారాయణ విమానము పందిరిపై నెగిరి పూలవాన గురియవలయునని గుడిపెద్దలు గోరిరి. అతఁ డుప్పొంగి విమానముకడుపున నొక పూలపెట్టె యమర్చెను.

ఆ సంగతి విన్నది మొదలు నాంచారయ్యకు నిద్ర దూరమయ్యెను. స్వామికల్యాణమున మేళమునకుఁ బెద్ద తానే. తనప్రక్క నొత్తు పట్టువాఁ డుండును. ఒత్తనఁగా శ్రుతిసన్నాయి, మొదటినుండి తుదివఱకు నొక్కస్వరమునే విడువక యూఁదుచుండుట దాని పని. ఆ స్వరమున కెదురుగా మింటనుండి కఫపుగొంతు గురగురలాడినచో దేవునియెదుటఁ దన విద్య యేమగును? పూర్ణిమకు ముందటి సాయంకాల మింజనును బరీక్షించునప్పు డతఁ డుండఁబట్టలేక యడిగెను.

"బావా, అచ్చముగా మన యొత్తుస్వరమునే పలుకుచున్నది. దీనిని మరల గొంతు పూడ్చి దింపు టెందులకు?"

"నేలపై నచ్చముగాఁ బలికినది మింట మూర్ఛిల్లును బావా. పైకెక్కునప్పుడు దానికిఁ జమురు తక్కువగా నందును. రేపటి ప్రాతఃకాలపుఁ జలిగాలి చిక్కనిది, దాని యాఁకలిని మఱింత రేఁపును. పొగతోఁక గనఁబడునంతవఱకే దానికిఁ బ్రాణమున్నదని యెఱుంగుము."

మాణిక్యమ్మ ముంగిట బెల్లము దంచుచు నీ మాట వినెను. విని, ఇదియు నొక బ్రహ్మవిద్యయేనా యని నవ్వెను. "అరిసెలపాకము సరిగా వచ్చుదాఁకఁ బొయ్యిమీఁద నుంచిన, దించునప్పటికి ముదిరి పండ్లు విఱుగును. రాకమునుపే దింపవలయును. ఈ మాత్ర మాఁడువారి నడిగినఁ జెప్పమా?" అనెను. అందఱును నవ్విరి. నాంచారయ్య మాత్రము నవ్వలేదు. భావనారాయణ మరను వదులు చేసెను, ఇంజను గురగురలాడెను, వీఁపువెనుకఁ గట్టుపడిన యా వ్రేళ్లు ముడిలోఁ గదలుచుండెను.

పూర్ణిమ వచ్చినది. కథారంభమునఁ జెప్పిన మంచే, ఆ నాఁటికి మఱింత దట్టమై పందిరిస్తంభములు సగము మ్రింగియుండెను. భావనారాయణ తెల్లవాఱకమునుపే లేచి విమానమును బందిరి కనతిదూరమున నాఱిన యుప్పుమడిలో నిలిపి, సూదిమర సరిచేసి, బ్యాటరీ పక్కనఁ బెట్టి, పూలు తెచ్చుటకై యర్చకునిచెంతకుఁ బోయెను. నాంచారయ్య స్నానము చేసి, జరీయంచు ధోవతి గట్టి, సన్నాయితో నచ్చటికి వచ్చెను. నాఁ డతనిచేతులకుఁ గట్టు లేదు. ఏల యందురా? దేవునియెదుట మేళకాఁడు పైబట్ట నడుమునకుఁ జుట్టుకొని నిలువవలయును. అది వినయము, తరతరముల మర్యాద. దానిని దప్పించు ధైర్యము మాణిక్యమ్మకును లేకపోయెను. నేఁడు దాని దగ్గఱకుఁ బోకుఁడని మాత్ర మనెను. అతఁడు తల యూఁచెను.

ఏకాంతమున నా యింజను, ఆ మనుష్యుఁడు. దినములతరబడి వినివిని యే మరకట్టు నే స్వరము పలుకునో యతనికిఁ జేతితో ముట్టకయే తెలిసిపోయినది. బావకుఁ జెవి లేదు గదా, యెఱుఁగఁడులే యనుకొనెను. స్వామికార్యమే గదా, దోషము లేదనుకొనెను. మనసు తప్పు చేయఁదలఁచినప్పుడు దేవుని పేరు ముందు నిలుపుట లోకమునఁ గ్రొత్త గాదు. వెనుకనుండి మెల్లగాఁ జేయి చాఁచి సూదిమరను వడ్లగింజంత బిగించెను. పంకా కదలలేదు. గ్రద్ద యొకటి సరుగుడుకొననుండి లేచి మంచులోఁ గలిసిపోయెను.

ముహూర్తము సమీపించెను. భావనారాయణ పూలు నింపి, బ్యాటరీ తగిలించి, వ్రేళ్లకు మాఱుగాఁ గఱ్ఱతోఁ బంకాను ద్రిప్పెను. ఇంజను లేచినది. అతఁడు తనయలవాటుచొప్పునఁ బొగకొఱకుఁ జూచెను. తెల్లని మంచులోఁ దెల్లనిపొగ యున్నదో లేదో యే కన్ను చెప్పఁగలదు? ఉన్నదనుకొని విమానమును విడిచెను. అది యుప్పుమడిపై జాఱి, లేచి, పందిరిమీఁదుగా నొక చుట్టు చుట్టెను. దాని నాద మొత్తునాదముతోఁ గలసి యేది మన్నో యేది మిన్నో తెలియరానియట్లు పలికెను. జనులు చేతులెత్తి మ్రొక్కిరి. కోటిలింగము డోలుపై నుండి తల యెత్తి, అన్నా, నీ బావ యింజనుచేఁ గూడ నొత్తు పట్టించితివా యని మెచ్చుకొనెను. నాంచారయ్య మొగము వెలిఁగెను. అంతటి శ్రుతి యతని జీవితమునఁ బలుకలేదు. ఆ శ్రుతి పలికినంతసేపు నతఁడు పరిపూర్ణుఁడు.

పూలు విడుచుటకు ముందు విమానము ముక్కెత్తి పైకెక్కెను. స్వరము సన్నగిల్లి మఱింత పైకిఁ బోయెను. ఇతరులకది యందమే, నాంచారయ్య చెవికి మాత్ర మది పీఁక నొక్కుచున్న ప్రాణి కూఁతవలె వినఁబడెను. అతఁడు సన్నాయిని బెదవులనుండి తీసెను. స్వరము వణఁకెను. వ్రాలెను. ఆగెను. ఒత్తు మాత్రము మ్రోఁగుచుండెను, దానివెనుక సముద్రము.

భావనారాయణకుఁ జప్పు డాగుట తెలియలేదు. విమానము ముక్కు వ్రాలుటఁ జూచియే తెలిసికొని, జనులమీఁదఁ బడకుండఁ ద్రిప్పి, జాఱవిడిచి, పందిరిప్రక్క నుప్పురాసిమొదట మెత్తగా దింపెను. ఎవరికిని దెబ్బ తగులలేదు. కొయ్యముక్కయైన విఱుగలేదు. అపాయము గడచినదని యెల్లరును నిట్టూర్చిరి. అది గడవలేదు, కూర్చుండి వేచియున్నది.

నాంచారయ్య సన్నాయిని మేళమున రెండవ సన్నాయివానిచేతఁ బెట్టి పరుగెత్తెను. విమానముపైఁ బ్రేమ గాదు, తన దొంగతనము బావకంటఁ బడునను సిగ్గు వానిని బరుగెత్తించినది. బావ యావలికొననుండి వచ్చులోపల మరను మునుపటి చోటికిఁ ద్రిప్పవలయు. బ్యాటరీ లేదు, దాని తీఁగ లేదు, చప్పుడు లేదు, నిద్రించుచున్నదనుకొనెను. మర కడ్డముగాఁ బంకాఱెక్క నిలిచియుండెను. దాని నొకింత తొలఁగింపఁదలఁచి కుడిచేతి చిటికెనవ్రేలితో నొత్తెను. లోపలి తీఁగచుట్ట యింకను వెచ్చగా నెఱ్ఱనై యెదురుచూచుచున్నది.

ఇచ్చట నొక యాచారము చెప్పవలయును. మంగళసూత్రము గట్టునప్పుడు తుమ్ము గాని యేడుపు గాని యే యపశకునశబ్దము గాని వినఁబడకుండఁ జేయుటకు డోలు సన్నాయి తాళము లొక్కపెట్టున బలము కొలఁది మ్రోఁగింతురు. దానిని గట్టిమేళమందురు. ముహూర్తము మనుష్యులకొఱ కాగునది గాదు. అర్చకుఁడు చేయి యెత్తెను. కోటిలింగము, అన్న విమానము దేఁబోయెనులే యని తలఁచి డోలు విఱుచుకొనునట్లు వాయించెను. ఎన్ని పెండ్లిండ్ల యేడుపులను నాంచారయ్య తన సన్నాయితోఁ గప్పెనో, ఆ గట్టిమేళమే నాఁ డతని కేకను గప్పెను. జనసముద్రమున నొక్క ప్రాణియు వినలేదు. అందఱును దేవునివైపు చూచుచుండిరి.

చూచినవాఁ డొక్కఁడే. గట్టిమేళము వినఁబడనివాఁడు గనుక భావనారాయణ యటు తిరుగక విమానమువైపే నడుచుచుండెను. ఉప్పురాసిపైఁ బూలపెట్టె విచ్చి తెల్లని చేమంతులు చెదరియుండుటఁ జూచెను. అందుఁ గొన్ని యెఱ్ఱనగుటఁ జూచెను. పరుగెత్తి వచ్చి బావ నడుమునకుఁ జుట్టియున్న జరీయుత్తరీయమును లాగి యా చేతికిఁ బొదివి కట్టెను. ముందు కట్టవలసిన గుడ్డ వెనుకఁ గట్టఁబడెను.

మాణిక్యమ్మ యక్షతలు చల్లి తిరిగినప్పు డా యిద్దఱును స్తంభముమొదటఁ గూర్చుండి యుండిరి. ఆమె యేడువలేదు. ఆ గుడ్డను జూచెను, అన్నమొగముఁ జూచెను.

"తప్పు నాదమ్మా," అనెను భావనారాయణ. "మంచులోఁ బొగ గనఁబడలేదు. కనఁబడనిదానిని నమ్మి విడిచితిని."

"అతనిది గాదు," అనెను నాంచారయ్య. "పొగ లేకుండఁ జేసినవాఁడను నేను. అతఁడు దించినదానిని దొంగచేతితో నెక్కించితిని."

ఎప్పుడును దప్పు బావదనెడి యా యిద్దఱును దప్పు నాదని యొక్కమాట చెప్పుట యా యింట నదియే మొదలు.  చిటికెనవ్రేలు మొదటికణుపుతోఁ బోయినదని పట్టణపు వైద్యుఁడు చెప్పెను.

నాంచారయ్య మరల సన్నాయి పట్టెనా యని యడుగుదురు. పట్టెను. సన్నాయిక్రిందికొనను వ్రేళ్లతోఁ బనిలేని రంధ్రములు కొన్ని యుండును. వానిని మైనముతోఁ బూడ్చి శ్రుతి సవరించుకొనుట మేళకాండ్ర వాడుక. అట్లే తెగినవ్రేలు మూయవలసిన రంధ్రమును మైనముతోఁ బూడ్చుకొనెను. అంతట సన్నాయికి మధ్యమస్వరము పలుకకపోయెను. మధ్యమము లేని మోహనయు హంసధ్వనియు నట్టి రాగములే యతనికి మిగిలినవి. తక్కినవి యడిగినవారితో, నాకు రావని చెప్పుచుండెను. మునుపు గిలకకీచునకు ముద్ద మానినవాఁడు పిదప పొరుగింటివారి యే చప్పుడునకును లేవలేదు. సరిగా నున్నదా యన్నఁ గొంచెము తక్కువగా నుండనిండనుట యతని కలవాటయ్యెను. అగ్ని యెంత నిర్మలముగా వెలిఁగిన నంత త్వరగా నింటికప్పు నంటుకొనును. పొగయుండు పొయ్యియే దినదినమును గూడు పెట్టును. ఇది యతఁడు వ్రేలిచ్చి కొనిన నీతి.

ఇంజనును సముద్రమునఁ బాఱవైచెదనని భావనారాయణ యన, మాణిక్యమ్మ వలదనెను. సముద్ర మిచ్చినదానిని మరల నొడ్డునకుఁ దెచ్చును, కంటియెదుట నుంచుటే మేలనెను. అనంతరము చిక్కని యాముదమును దాని నోటఁ బోసి గోడగూటిలో నెత్తుగాఁ బెట్టెను. ఆముదము బిగిసి జిగురై పంకా కదలనీయక పట్టుకొనెను. ఏండ్లు గడచినవి. దానికిఁ జమురు లేదు, బ్యాటరీ లేదు, తీఁగ లేదు. అయినను రోహిణీకార్తెలో మిట్టమధ్యాహ్నపు సూర్యుఁడు కిటికీగుండ నా గూటిపైఁ బడునప్పుడు వేఁడికి జిగురు మెత్తఁబడును. కడలిగాలి తగిలిన పంకాఱెక్క చప్పుడు లేక యావగింజంత కదలును. అది చూచి యా యింటివారు, పెద్దలేమి పిన్నలేమి, ఎవరును జెప్పకయే రెండుచేతులను వీఁపువెనుకకుఁ దీసికొందురు.